చప్పుడు బయటికి రాని హాలు

గుడివాడ,
4-8-1997

అక్కకి సాయి నమస్కారాలు.

నువ్వు, బావ, మీ అత్తగారు అంతా బాగున్నారని తలుస్తాను. దుర్గ గురించి దిగులు పెట్టుకోకు. కాలేజీకి వెళ్తోంది, వేళకి తింటోంది, నాకంటే ఎక్కువే తింటోంది. నువ్వు పంపిన ఎండురొయ్యలు మూడు రోజుల్లో ఖాళీ. మేనమామ ఇంట్లో ఉండి చదువుకునే పిల్లకి ఇంతకంటే ఏం కావాలి?

ఇక అసలు సంగతి. అక్కా, నేను హాలు తీసుకున్నాను! పెళ్లి పందిళ్లలో, వినాయకుడి పందిళ్లలో దోమలు తోలుకుంటూ కీబోర్డు వాయించే బతుకు ఇంక చాలు. ఇక్కడ గోవర్ధనరావు గారికి పాత బియ్యం గోడౌను ఉంది. దాని మీద అంతస్తు నాకిచ్చారు. నూట ఇరవై కుర్చీలు పడతాయి. ప్రతి శని, ఆదివారాలు మన ఆర్కెస్ట్రా. విజయదశమికి ఓపెనింగ్, మొదటి పాట మన దుర్గది.

ఒకటే చిక్కు. గోవర్ధనరావు గారిల్లు పక్కనే. మర్యాదస్తుడే గానీ గుండెజబ్బు మనిషి. మొన్న డ్రమ్స్ ఒక్క దెబ్బ వేశామో లేదో లుంగీ ఎగ్గట్టుకుని వచ్చేశాడు. "సాయిబాబు గారూ, చప్పుడు నా గోడ దాటి వచ్చిందంటే తాళం నేనే వేసేస్తానండీ" అన్నాడు. అండీ అంటూనే తాళం వేసే రకం.

బెజవాడ నుంచి సౌండు పని తెలిసినతన్ని పిలిపించాను. గోడలకి, కప్పుకి మెత్తటి సరుకు పట్టించమన్నాడు. అతను చెప్పిన రకం నిప్పు అంటుకోనిదట, మద్రాసు నుంచి రావాలట, దసరా దాటితే గానీ రాదట. అంతవరకు ఎవడాగుతాడు? అప్పుడు నాకు బావ చేపల పెట్టెలు గుర్తొచ్చాయి. థర్మాకోల్ ఐసునే కరగనివ్వదు, చప్పుణ్ణి పోనిస్తుందా? మీ ఒడ్డున పాత పెట్టెలు, విరిగిన మూతలు గుట్టలు గుట్టలుగా పడి ఉంటాయిగా. అవి పంపించమని బావకి చెప్పు. మిగతా చోట్ల పరుపుల కొట్టు నుంచి స్పాంజి తెచ్చి అంటిస్తాను.

వీలుంటే ఫోన్ చెయ్యి.

నీ తమ్ముడు,
సాయిబాబు

పాలకాయతిప్ప,
11-8-1997

ఒరే సాయీ,

ఫోన్ చెయ్యమని సులువుగా రాశావు. ఇక్కడున్న ఒక్క ఫోనూ కిరాణా కొట్లో ఉంది. నేను హలో అంటే చాలు, బెల్లం కొనడానికి వచ్చినవాళ్లు కూడా బెల్లం మానేసి నా నోటివంకే చూస్తారు. నేను పదో తరగతిదాకా చదివింది ఎందుకు, రాసుకుందాం.

నీ హాలు సంగతి మీ బావకి చదివి వినిపించాను. "వాడికేం, కళాకారుడు" అని మీసం కింద నవ్వుకున్నాడు. నవ్వినా పని చేశాడులే. రెండు రోజులు కూచుని పెట్టెలు ఏరి, కడిగించి, రొయ్యల వ్యానులో వేయించాడు. డ్రైవరు గురువారం నీకు దింపుతాడు. ఎంత కడిగినా సావిడాయి చేపల వాసన పోదు, ముందే చెప్తున్నా. నీ పాటలకి వచ్చిన జనం పులుసు గుర్తొచ్చి మధ్యలో లేచిపోతే నన్ననకు.

దుర్గ పాడితే నాకూ ముద్దే. కాకపోతే డిగ్రీ రెండో ఏడు. పాటల్లో పడి పరీక్ష పోగొట్టుకుందో, దాని సంగతి తర్వాత, ముందు నీ వీపు చీరేస్తా. నువ్వే ఇంటర్ తప్పి కీబోర్డు పట్టుకున్నావు, ఇంటికి ఒకడు చాలు.

అత్త మోకాళ్ల నొప్పితో మూలుగుతూనే నీకు దీవెనలు చెప్పింది.

మీ అక్క,
లక్ష్మీకాంతమ్మ

గుడివాడ,
2-9-1997

అక్కా,

అయిపోయింది! బావకి వెయ్యి దణ్ణాలు. పెట్టెల్ని పలకలు పలకలుగా కోయించి నాలుగు గోడలకీ అంటించాం. కప్పంతా స్పాంజి. పైన ఎర్ర గుడ్డ లాగి కట్టాం. వాసన రాకుండా రోజూ సాంబ్రాణి వేయిస్తున్నాను.

కిటికీలు ఆరూ మూసేసి పలకలతో కప్పాం. వెనక మెట్లకి ఒక తలుపుండేది, చప్పుడంతా అందులోంచే కారిపోతోందని గడియ పెట్టించి దానిమీద కూడా పలకలు అంటించాను. ఇప్పుడు అక్కడ తలుపుందంటే నువ్వు నమ్మవు, ఒక్కటే నున్నటి గోడ.

మొన్న ఆదివారం గోవర్ధనరావు గారిని వాళ్ల వరండాలో కూచోబెట్టి లోపల మేం తొమ్మిదిమందిమీ ప్రాణం పెట్టి వాయించాం. అయ్యాక బయటికొచ్చి అడిగితే "మొదలుపెట్టారా అండీ?" అన్నాడు! లోపల ఎంత గోల చేసినా బయట చీమకి కూడా తెలియదు. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

దుర్గ స్టేజీ మీదకి వచ్చేటప్పుడు రెండు వైపులా చిచ్చుబుడ్లు వెలిగిద్దామనుకుంటున్నాను. సినిమాలో హీరోయిన్ లాగా రావాలి. నువ్వూ బావా ముందు వరసలో కూచోవాలి. ఈసారి చేపలు, వాన, అత్తగారు అని వంకలు చెప్తే ఊరుకోను.

ఓపెనింగ్ కోసం ఎదురుచూస్తూ,
సాయి

పాలకాయతిప్ప,
9-9-1997

సాయీ,

ఇది చదివేటప్పుడు నవ్వకు, కూచుని చదువు.

మొన్న సాయంత్రం నాంచారయ్య బాబాయి చుట్ట ముట్టించి, ఆ పుల్ల ఆర్పకుండా పారేశాడు. అది నీకు పంపగా మిగిలిన పెట్టెల గుట్టలో పడింది. నేను అక్కడే చేపలు తిరగేస్తున్నాను. భగ్గుమంది. బిందెడు నీళ్లు తెచ్చేలోపు గుట్ట మొత్తం అయిపోయింది. కట్టెల మంట మనకి తెలియనిదా? ఇది అలాంటిది కాదు. అది కరిగి బొట్లు బొట్లుగా కారుతోంది, కారే బొట్టు కూడా మండుతూనే కారుతోంది. ఒక బొట్టు మీ బావ ముంజేతి మీద పడింది. తుడుచుకోబోతే తోలుతో సహా ఊడొచ్చింది.

మంటకంటే పొగ ఘోరం. నల్లగా, చిక్కగా. బాబాయి రెండు గుక్కలు పీల్చాడేమో, ఇసకలో చతికిలబడిపోయాడు. సముద్రం గాలి కొడుతున్న ఆరుబయట సుమా! ఇవాల్టికీ దగ్గుతూనే ఉన్నాడు. వైద్యుడొచ్చి, అదే గదిలో అయితే నేను వచ్చే పనే ఉండేది కాదన్నాడు.

అప్పట్నించి నాకు అన్నం సయించట్లేదు. ఆ సరుకే కదా నాలుగు గోడలకీ అంటించావు! పైన స్పాంజి కూడాను. కిటికీలు లేవు, వెనక తలుపు లేదు. అందులో నా పిల్లని నిలబెట్టి అటూ ఇటూ చిచ్చుబుడ్లు వెలిగిస్తావా? నీకు మతి ఉందా?

అన్నీ పీకెయ్. పంపింది మేమే, బుద్ధిలేక పంపాం. మళ్లీ మేమే చెప్తున్నాం, పీకెయ్.

అక్క

గుడివాడ,
15-9-1997

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బావ చెయ్యి ఎలా ఉంది? పసుపూ నెయ్యీ రాస్తే మచ్చ పడదంటారు.

ఇక మిగతాది. నాకు అర్థం కానిదేం లేదు. పోయిన ఉత్తరంలోనే పరీక్ష, డిగ్రీ, నా వీపు అన్నావు. ఇంటర్ తప్పినవాడినని గుర్తుచేశావు. దుర్గ పాడటం నీకిష్టం లేదు. ఆ మాట తిన్నగా చెప్పలేక థర్మాకోల్ మీద పెట్టావు. ఊళ్లో ఎవరో ఏదో అనుంటారు, ఆడపిల్లని ఆర్కెస్ట్రాలో నిలబెట్టారేంటని. అవునా కాదా?

ఒడ్డున ఎండకి ఎండిన గుట్ట వేరు, గోడకి జిగురు పెట్టి గట్టిగా అంటించింది వేరు. బెజవాడలో ఎన్ని చోట్ల ఇలా చేసుకున్నారో తెలుసా? వాళ్లందరూ పిచ్చివాళ్లా? ఇప్పుడు నేను పలకలు పీకితే మర్నాడే గోవర్ధనరావు గారు తాళం వేస్తారు. కార్డులు అచ్చయిపోయాయి. ఈ వయసులో మళ్లీ పందిళ్ల వెంట తిరగమంటావా?

నేను మొదటిసారి ఒక పని సొంతంగా చేస్తున్నాను. నా అక్క చల్లని మాట ఒకటి అంటుందనుకున్నాను.

సాయిబాబు

పాలకాయతిప్ప,
21-9-1997

సాయిబాబు గారికి,

గారు అని ఎందుకు రాశానో తెలుసా, నువ్వు పెద్దవాడివైపోయావుగా!

ఒరే, నీ చెడ్డీలు ఉతికినదాన్ని. నీకు చెప్పడానికి నాకు చాటు కావాలా? దుర్గ పాడటం ఇష్టం లేకపోతే ఇష్టం లేదనే చెప్తాను, నీ ఇంటికొచ్చి దాని రెక్క పట్టుకుని లాక్కొస్తాను. నిప్పు అంటే నిప్పు గురించే రాశాను. ఇంటర్ మాట అన్నందుకు తప్పే, ఒప్పుకుంటున్నాను. దాన్ని పట్టుకుని వేలాడకు.

ఒక్క పని చెయ్యి. అరచేతంత ముక్క గోడనుంచి కొయ్యి. కాలవగట్టు మీదకి తీసుకెళ్లి అగ్గిపుల్ల వెలిగించి దగ్గర పెట్టు. నీ కళ్లతో నువ్వే చూడు. తర్వాత ఏం చెయ్యాలో నీకే తెలుస్తుంది. కనీసం ఆ వెనక తలుపన్నా తెరిపించు.

బావ చెయ్యి పుండు పడింది. నీ హాలు ఎలా ఉందని రోజూ అడుగుతున్నాడు. ఏం చెప్పను?

లక్ష్మీకాంతం

గుడివాడ,
28-9-1997

అక్కా,

గొడవ వద్దు. నీ మాట విన్నాను. చిచ్చుబుడ్లు మానేశాను. హాల్లో సిగరెట్టు, బీడీ, చుట్ట ఏదీ కాల్చకూడదని పెద్ద బోర్డు రాయించాను. సాంబ్రాణి కూడా ఆపించాను. ఇంక లోపల నిప్పు అన్నదే లేదు. నిప్పే లేనప్పుడు గోడకి ఏది అంటిస్తే ఏంటి?

నువ్వు చెప్పిన పరీక్ష కూడా చేశాను. అగ్గిపుల్ల ఎందుకులే అని అగరొత్తి పెట్టి చూశాను. చిన్న చిల్లు పడింది, అంతే. మంటా లేదు, గింటా లేదు. వెనక తలుపు తెరిస్తే చప్పుడు పోతుంది కాబట్టి అదొక్కటీ అడక్కు.

దుర్గకి కొత్త లంగా ఓణీ కుట్టించాను, నెమలికంఠం రంగు. నువ్వు వచ్చి చూస్తే కోపమంతా పోతుంది. ఇంక ఈ గోడల ఊసు మన మధ్య వద్దు, సరేనా?

సాయి

పాలకాయతిప్ప,
3-10-1997

చిరంజీవి సాయికి,

ఇది పోస్టులో అయితే ఆలస్యమవుతుందని వ్యాను డ్రైవరుకిచ్చి పంపుతున్నాను. మా అత్తకి నిన్నటినుంచి ఏమీ బాగోలేదు. ఆయాసం. మనవరాలిని చూడాలని ఒకటే కలవరింత. ఎన్ని రోజులుంటుందో తెలియదు. దుర్గని ఇదే వ్యానులో పంపించెయ్. ఓపెనింగ్‌కి మేమెవరం రాలేం, ఏమీ అనుకోకు.

ఇంకెవరితోనైనా పాడించుకో. హాల్లో అడుగుపెట్టే ముందు మాత్రం గుమ్మడికాయతో అందరికీ కలిపి దిష్టి తీయించు. మర్చిపోవద్దు. నా మనసు మనసులో లేదు.

అక్క

గుడివాడ,
8-10-1997

అక్కా,

దుర్గ క్షేమంగా చేరిందని వ్యానతను చెప్పాడు. మీ అత్తగారికి ఇప్పుడెలా ఉంది? దాని చేత పంపిన హార్లిక్స్ రోజూ రెండు పూటలా పట్టించు, ఆపిల్ పళ్లు గుజ్జు చేసి పెట్టు. పాపం దుర్గ వెళ్లేటప్పుడు ఏడ్చింది. నాయనమ్మ కోసం సగం, పాట కోసం సగం. నేనే సర్దిచెప్పాను, పెద్దావిడ తర్వాతే పాటలని.

మొదటి పాట ఇప్పుడు రత్నం పాడుతుంది. నీకు తెలియదులే, బస్టాండు దగ్గర ఇడ్లీలు వేసే సత్యవతమ్మ కూతురు. పదిహేడేళ్లు. కోరస్‌లో వెనక నిలబడేది. మైకు ముందుకి రమ్మంటే కాసేపు నమ్మలేదు. దుర్గ లంగా ఓణీ దానికి సరిగ్గా సరిపోయింది.

సత్యవతమ్మ ఒక మాట నీకు రాయమంది. "మీ అక్కగారి పాప వెళ్లబట్టి మా పిల్ల ముందుకొచ్చిందండీ. ఆ తల్లి ముఖం నేను చూడకపోయినా, జన్మంతా తలుచుకుంటానని రాయండి" అని. రాయకపోతే బాగుండదని రాస్తున్నాను.

ఎల్లుండి చివరి రిహార్సలు. నువ్వు చెప్పినట్టే గుమ్మడికాయ తెప్పించాను. చూశావా, నీ మాటలు ఎన్ని వింటున్నానో!

సాయి

గుడివాడ,
15-10-1997

అక్కా,

ఎడంచేత్తో రాస్తున్నాను, అక్షరాలు చూసి భయపడకు. కుడిచేతికి కట్టు కట్టారు.

నీకు వ్యాను డ్రైవరు చెప్పే ఉంటాడు. పదో తారీఖు సాయంత్రం రిహార్సలుకి ముందు దిష్టి తీయించాను. తొమ్మిదిమందిమీ లోపల వరసగా నిలబడ్డాం. మాలోంచి డోలక్కతను ముందుకొచ్చి గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి మా చుట్టూ తిప్పి గుమ్మం దగ్గరికి తీసుకెళ్లాడు. కర్పూరం బిళ్ల జారింది. గుమ్మం పక్కనే కోయగా మిగిలిన స్పాంజి ముక్కలున్నాయి. బోర్డు రాయించాను, చిచ్చుబుడ్లు మానేశాను, బీడీ కాల్చనివ్వలేదు. కర్పూరం నిప్పని ఒక్కరికీ తట్టలేదక్కా. హారతి అనుకున్నాం.

నువ్వు రాసినట్టే కాలింది. ఒక్క పాట పాడేంతసేపు కూడా పట్టలేదు. గుమ్మం మంటలో పోయింది. పైనుంచి బొట్లు కారుతున్నాయి. కరెంటు పోయింది. వెనక తలుపు ఎక్కడుందో అంటించిన నాకే తెలియలేదు. గోడ తడుముకుంటూ పలకలు పీకాను. మేం పెట్టిన కేకలు గోవర్ధనరావు గారికి వినపడలేదట. కిటికీ సందుల్లోంచి పొగ చూశాకే పరుగెత్తుకొచ్చారు. గడియ దొరికి కిందకి దిగి లెక్కపెట్టుకుంటే ఎనిమిది మందిమి. రత్నం లేదు. ఫైరింజన్ వాళ్లు తీసుకొచ్చారు. స్టేజీ మీదే పడిపోయి ఉందట. ఒంటిమీద కాలింది తక్కువే, పొగ లోపలికి పోయింది. బెజవాడ ఆసుపత్రిలో ముక్కులో గొట్టాలు పెట్టి ఉంచారు.

మీ అత్తగారికి నా దణ్ణాలు చెప్పు. ఆవిడకి సమయానికి ఆయాసం రాబట్టి దుర్గ మనకి దక్కింది.

అక్కా, విచారణకి ఆఫీసరు వచ్చాడు. ఆ సరుకు మండుతుందని నీకు ముందే తెలుసా, ఎవరైనా చెప్పారా అని అడిగాడు. ఎవరూ చెప్పలేదన్నాను. నిన్నూ అడగొచ్చు, పెట్టెలు మీ దగ్గర్నుంచే వచ్చాయిగా. నీకూ తెలియదని చెప్పు. నా ఉత్తరాలు నీ దగ్గరున్నాయి, వాటిల్లో అంతా ఉంది. తగలబెట్టెయ్. నీ కాళ్లు పట్టుకుంటాను.

సాయి

పాలకాయతిప్ప,
19-10-1997

ఒరే సాయీ,

తగలబెట్టమన్నావు. ఇంకా నీకు నిప్పుతో పని తీరలేదా?

నీ ఎడంచేతి రాత చూసినప్పట్నించి నీ కుడిచెయ్యే గుర్తొస్తోంది. పలకలు పీకి ఎనిమిదిమందిని కాపాడిన చెయ్యి అది. ఆ మాట ఎక్కడైనా చెప్తాను. కానీ ఇప్పుడు రాసేది వేరే సంగతి, వేళకి అందాలని వ్యాను డ్రైవరుకే ఇచ్చి పంపుతున్నాను, ఆఖరిదాకా చదువు.

మా అత్తకి ఆయాసం రాలేదు. మోకాళ్ల నొప్పి తప్ప ఆవిడకి ఏ జబ్బూ లేదు. నువ్వు పంపిన హార్లిక్స్ రోజూ తాగుతోంది. నీతో వాదించి గెలవలేక, నా పిల్లని ఆ గదిలోంచి లాక్కోవడానికి అబద్ధం రాశాను. దుర్గ వ్యాను దిగిన రోజు నేను కడుపునిండా అన్నం తిన్నాను, నెల రోజుల తర్వాత. ఆ గదిలో ఇంకా తొమ్మిదిమంది ఉన్నారని నాకు తెలుసు. దుర్గ బదులు ఇంకో తల్లి కన్న పిల్ల వచ్చి నిలబడుతుందనీ తెలుసు, "ఇంకెవరితోనైనా పాడించుకో" అని నేనే రాశాను. వాళ్ల కోసం నేను చేసిందల్లా దిష్టి తీయించమనడం. ఆ కర్పూరం నేను పంపినట్టే. కర్పూరం నిప్పని నాకు మాత్రం తట్టిందా!

సత్యవతమ్మ నన్ను తలుచుకుంటానన్న ఉత్తరం నాకు పదమూడో తారీఖున అందింది. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. దుర్గ అది చదివింది. చదివి నావైపు చూసింది. అప్పట్నించి నాతో మాట్లాడటం లేదు.

మొన్న ఇద్దరం బెజవాడ వెళ్లాం. రత్నానికి స్పృహ వచ్చింది, మాట లేదు. గండం గడిచింది గానీ ఊపిరి ఎప్పటికి కుదుటపడుతుందో చెప్పలేమంటున్నారు. బయట వరండాలో సత్యవతమ్మ కూచుని ఉంది. దుర్గని చూసి లేచి, దాని బుగ్గలు నిమిరి "మీ పాపని అమ్మవారు కాచిందమ్మా" అని నా చెయ్యి పట్టుకుంది. ఉండబట్టలేకపోయాను. చెప్పేశాను, ఒడ్డున మంట దగ్గర్నుంచి అత్త ఆయాసం దాకా. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. నా చెయ్యి వదిలిపెట్టను కూడా లేదు. "ఆ ముక్కేదో నాకూ చెప్పించుంటే నా పిల్లని నేనూ ఆపుకునేదాన్ని కదమ్మా" అంది.

దుర్గ కోసం నేను పంపిన వ్యాను ఆవిడ ఇడ్లీలు వేసే బస్టాండు మీదుగానే వెళ్లింది. ఆగి ఆ హాలు సంగతి అక్కడివాళ్లకి చెప్పమని డ్రైవరుకి ఒక్క మాట అనలేకపోయాను. కిరాణా కొట్లో నలుగురూ వింటారని ఫోన్ ముట్టుకోలేదు. వినాల్సిందే అది, నలుగురూ వినాల్సిన మాట!

ఇంకొకటి. నిన్న బందరు నుంచి ఒకాయన మీ బావ దగ్గరికొచ్చాడు. వీడియో హాలు పెడుతున్నాడట. గుడివాడలో మీ బావమరిది పెట్టించాడటగా, చప్పుడు బాగా ఆగుతుందటగా, మాకూ పాత పెట్టెలు ఇప్పించండి అని అడిగాడు. కాలిపోయిన సంగతి తెలుసా అంటే, ఎవరో కర్పూరం పారేశారట కదండీ, మేం జాగ్రత్తగా ఉంటాంలెండి అన్నాడు. మీ బావ కట్టుకట్టిన చెయ్యి చూపించి పంపించేశాడు. అయితే పెట్టెలు మా ఒక్కళ్ల దగ్గరే ఉన్నాయా, ఏ ఒడ్డున చూసినా ఉన్నాయి.

ఎవరూ చెప్పలేదని నువ్వు అంటే, గోడలది తప్పు కాదు, కర్పూరానిదే తప్పని ఆ విచారణ ఆఫీసరు రాసుకుపోతాడు. అందుకని నీ ఉత్తరాలు తీసుకుని బుధవారం తెల్లవారుజాము బస్సుకి వస్తున్నాను. ఆరూ తెస్తున్నాను, తగలబెట్టమన్నదాంతో సహా. పెట్టెలు పంపింది మేమేనని చెప్తాను, నా అబద్ధం కూడా చెప్తాను. నిన్ను ఏం చేస్తారో నాకు తెలియదు. లోపల వేస్తే రోజూ క్యారేజీ నేనే తెస్తాను, నీకు అన్నం కలిపి తినిపించడం నాకు కొత్త కాదు.

నువ్వే ముందు చెప్పేస్తే ఇంకా మంచిది. ఆ ఆఫీసరు గారి ఆఫీసు బయట పదింటిదాకా నీ కోసం చూస్తాను. రాకపోతే నేనొక్కదాన్నే లోపలికి వెళ్తాను.

అక్క